చిన్న పెరటికి పొట్టి చైనా గోరింట

వేసవి ముదిరేసరికి చామంతులు ముగిసిపోతాయి, గులాబీలు చిన్నబోతాయి. ఆ సమయంలో పెరటికి రంగునిచ్చే పొదలు కొన్నే ఉన్నాయి. వాటిలో చైనా గోరింట ముఖ్యమైనది. తెలుపు, గులాబి, ఊదా, ముదురు ఎరుపు రంగుల్లో, ముడతలు పడిన క్రేపు గుడ్డను తలపించే రేకులతో, కొమ్మల చివర గుత్తులుగా వేసవి నుంచి వర్షాకాలం వరకు విడతలు విడతలుగా పూస్తుంది. అయినా ఈ మొక్కను పెంచే ఇళ్లలో తరచుగా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. మొదటిది, చెట్టు ప్రహరీ దాటి పోతున్నదని. రెండవది, ఆకు బాగున్నా పువ్వు లేదని. విసిగిపోయిన కొందరు మొక్కను పీకివేస్తారు. చాలా సందర్భాల్లో ఇందుకు కారణం నాటిన రోజున రకాన్ని సరిగా ఎంచుకోకపోవడం, ఆ తరువాత అవసరానికి మించి నీరు, ఎరువు, కత్తెర వాడటం.

మొక్క స్వభావం

చైనా గోరింట శాస్త్రీయ నామం లాజర్‌స్ట్రోమియా ఇండికా. ఇది గోరింట, దానిమ్మలతోపాటు లిథ్రేసి కుటుంబానికి చెందినది. మన అడవుల్లో పెరిగే చెన్నంగి దీనికి దగ్గరి బంధువు. పేరులో ‘ఇండికా’ ఉన్నప్పటికీ చైనా, దాని పరిసర ప్రాంతాలతో దీనికి అనాదిగా అనుబంధం ఉన్నది. లిన్నేయస్ తనకు మొక్కల నమూనాలు సమకూర్చిన మిత్రుడు, స్వీడిష్ ఈస్టిండియా కంపెనీకి చెందిన మాగ్నస్ ఫాన్ లాజర్‌స్ట్రోమ్ పేరును 1759లో ఈ ప్రజాతికి పెట్టాడు. ముదిరిన కాండంపై బెరడు పలుచని పొరలుగా ఊడి, లోపలి భాగం నున్నగా మెరుస్తుంది. అందుకే జపాను వారు దీనిని ‘కోతి జారే చెట్టు’ అని పిలుస్తారు.

ఈ మొక్క ఆ సంవత్సరం వచ్చిన కొత్త చిగుళ్ల చివరనే పూస్తుంది. చలికాలంలో ఆకు రాల్చి విశ్రాంతి తీసుకొని, ఎండలు పెరిగే కొద్దీ చిగురిస్తుంది. సంరక్షణ పనులన్నీ ఈ క్రమాన్ని అనుసరించే సాగాలి.

రకం ఎంపిక

సాధారణ రకాలు 3 నుంచి 6 మీటర్ల వరకు పెరుగుతాయి. ఇరుకైన పెరటికి, మిద్దె తోటకు 1 నుంచి 1.5 మీటర్లకు మించని పొట్టి రకాలే తగినవి. అమెరికా జాతీయ వృక్షోద్యానంలో డోనాల్డ్ ఎగోల్ఫ్ 1960వ దశకంలో ప్రారంభించిన సంకరణ కార్యక్రమం ఈ పూలమొక్క చరిత్రను మలుపు తిప్పింది. బూడిద తెగులును బాగా తట్టుకునే జపాను జాతి లాజర్‌స్ట్రోమియా ఫౌరియైను ఇందులో వాడారు. ఆ కృషి కొనసాగింపుగా 1990వ దశకం చివర విడుదలైన ‘చికసా’, ‘పోకోమోక్’ రకాలు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా ఉండే అతి పొట్టి గుబురు పొదలు.

మన నర్సరీలలో ఈ మొక్కలను తరచుగా రకం పేరుతో కాక పూల రంగుతో అమ్ముతారు. అందువల్ల కొనుగోలుదారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

• సంచిలో మూరెడు ఎత్తున పూసినంత మాత్రాన అది పొట్టి రకమని భావించరాదు. లేత వయస్సు, చిన్న సంచి, కత్తిరింపులు, పెరుగుదలను తగ్గించే మందులు కూడా మొక్కను పొట్టిగా ఉంచుతాయి. వీలైతే ఎదిగిన తల్లి మొక్కను చూసి కొనాలి.
• కణుపుల మధ్య దూరం తక్కువగా ఉండి, మొదలు నుంచే పలు కొమ్మలు వేసిన మొక్కను ఎంచుకోవాలి.
• కొమ్మ కత్తిరింపుల ద్వారా పెంచిన మొక్కనే అడిగి తీసుకోవాలి. విత్తనపు మొక్కలు ఎత్తులోను, రంగులోను తల్లి మొక్కను పోలి ఉంటాయన్న నమ్మకం లేదు.

స్థలం, నాటే విధానం

రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగిలే చోటును ఎంచుకోవాలి. మామిడి నీడలోను, ఉత్తరపు గోడ వారగాను నాటితే ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. ఎర్ర గరప నేలలు అనుకూలం. నల్లరేగడిలో నీరు నిలవకుండా ఎత్తు మడి చేసి నాటాలి.

తొలకరి తరువాత 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంట తీసి, పైమట్టిలో 5 నుంచి 8 కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. మొక్కల మధ్య 1 నుంచి 1.5 మీటర్ల దూరం ఉంచాలి. కుండీలో పెంచదలిస్తే 16 నుంచి 18 అంగుళాల వెడల్పు, అడుగున తగిన రంధ్రాలు ఉండాలి. ఎర్రమట్టి 2 పాళ్లు, పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు 1 పాలు, ఇసుక 1 పాలు కలిపిన మిశ్రమం సరిపోతుంది.

నీరు, ఎరువులు

నాటిన మొదటి సంవత్సరం వేసవిలో వారానికి రెండు, మూడు సార్లు వేర్లు తడిసేలా నీరివ్వాలి. నిలదొక్కుకున్న మొక్క బెట్టను తట్టుకుంటుంది. రోజూ కొద్దికొద్దిగా చల్లడం కంటే పైమట్టి ఆరిన తరువాత లోతుగా తడపడం మేలు. కుండీలలోని మొక్కలకు మాత్రం ఎండాకాలంలో రోజూ నీరు అవసరం కావచ్చు.

నత్రజని ఎక్కువైతే కొమ్మలు ఏపుగా సాగి పూత వెనుకబడుతుంది, లేత చిగుళ్లకు పేనుబంక, బూడిద తెగులు ఆశిస్తాయి. కత్తిరింపు తరువాత ఒకసారి, మొదటి పూత ముగిసిన తరువాత మరొకసారి మొక్కకు 2 కిలోల చొప్పున పశువుల ఎరువు వేస్తే చాలు. పక్కనున్న పచ్చికకు వేసే యూరియా దీని పాదులో పడకుండా చూడాలి.

కత్తిరింపు

జనవరిలో, కొత్త చిగురు రాకముందే ఎండిన, ఒకదానితో ఒకటి రాసుకునే, మరీ సన్నని కొమ్మలను తీసివేయాలి. మొదలు దగ్గర వచ్చే పిలకలలో అనవసరమైన వాటిని తొలగించాలి. పొట్టి రకానికి ఇంతకు మించిన కత్తిరింపు అవసరం లేదు.

పొడవైన రకాన్ని ఇరుకు స్థలంలో నాటినవారు ఏటా మోడుగా నరకవలసి వస్తుంది. అలా నరికిన చోట బొడిపెలు కడతాయి. వాటి నుంచి పొడవైన, బలహీనమైన కొమ్మలు గుంపుగా వచ్చి, వాన నీటితో బరువెక్కిన పూగుత్తులను మోయలేక వంగిపోతాయి. నున్నని కాండం అందం కూడా పోతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల ఉద్యాన నిపుణులు ఈ అలవాటును హత్యతో పోల్చి మందలిస్తారు. చిగుళ్లు ఎదిగిన తరువాత, అంటే వేసవిలో పైపైన కత్తిరిస్తే, రాబోయే పూమొగ్గలే పోతాయి. పూలు వాడిన గుత్తులను కాయలు కట్టకముందే తుంచివేయడం మాత్రం ప్రయోజనకరం. పక్క చిగుళ్లు వచ్చి మరో విడత పూస్తాయి.

సస్యరక్షణ

బూడిద తెగులు సోకితే లేత ఆకులు, మొగ్గలపై తెల్లని పొడి ఏర్పడి, ఆకులు ముడుచుకొని, మొగ్గలు విచ్చుకోవు. ఎండ, గాలి ధారాళంగా తగలనివ్వడం మొదటి నివారణ. తెగులు కనిపించిన వెంటనే లీటరు నీటికి 3 గ్రా. నీటిలో కరిగే గంధకం కలిపి చల్లని వేళ పిచికారి చేయాలి. తీవ్రమైన ఎండల్లో గంధకం ఆకులను మాడ్చుతుంది కనుక అప్పుడు వాడరాదు.

పేనుబంక రసం పీల్చి తేనెవంటి జిగురును విసర్జిస్తుంది. దానిపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. మసిని చూసి శిలీంద్రనాశినులు చల్లడం వృథా. పేనుబంకను అదుపు చేస్తే మసి దానంతట అదే తగ్గుతుంది. అక్షింతల పురుగులు కనిపిస్తే అవి పేనుబంకను తింటాయి గనుక కొద్ది రోజులు వేచి చూడవచ్చు. ఉధృతి ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పిచికారి చేయాలి. గంధకం, నూనె మందుల మధ్య కనీసం రెండు వారాల వ్యవధి పాటించాలి.

మొక్కను కొనే ముందు స్థలాన్ని టేపుతో కొలవడం, అక్కడ ఎండ ఎన్ని గంటలు ఉంటుందో ఒకరోజు గమనించడం ఖర్చులేని పనులు. ఆ రెండింటికి సరిపోయే రకాన్ని నాటిన పెరటిలో చైనా గోరింట పెద్దగా శ్రమ కోరదు, ఏటా వేసవిలో తప్పక పూస్తుంది.