తెలియకుండ దీసిన చిత్రములు

ఛాయాచిత్ర మనగానే మనకు స్ఫురించునది క్రొత్తచీర గట్టుకొని, కదలక మెదలక కూర్చుండుట. కాని తన్నెవరో చూచుచున్నారని యెరుగని మనుజుని ముఖముననే యాతని నిజస్వభావ మగపడును. అట్టి ముఖములను జిత్రించిన యొక స్త్రీని గూర్చి వ్రాయుచున్నాము.

వివియన్ మేయర్ 1926లో న్యూయార్కు నగరమున జన్మించెను. షికాగోలో పెక్కేండ్లు పరుల బిడ్డలను సాకి జీవనము గడపెను. బిడ్డలతో వీథులు తిరుగునపుడును ఆమె మెడలో రోలీఫ్లెక్సు కెమెరా వ్రేలాడుచుండెడిది. దానిని కంటి కెత్తిపట్ట నక్కరలేదు. ఎదయొద్ద నుంచుకొని, తలవంచి పైయద్దములో జూచిన జాలును. అందుచే నెదుటివారు పలుమారు గమనింపక తమ పనిలో దాముండెడివారు. ఏడ్చు పసివారు, నిదురించు బాటసారులు, వృద్ధస్త్రీలు ఆమె చిత్రములలో నిలిచిపోయిరి.

లక్షకు మించిన యా చిత్రములలో బెక్కింటి నామె యెవరికిని జూపలేదు. సామానుల గది యద్దె చెల్లనందున 2007లో నవి వేలమునకు వచ్చి పరులపాలయ్యెను. 2009లో నామె మరణించెను. కీర్తి యటుపిమ్మట వచ్చినది. ఒరుల నడుగక చూచిన యామె బ్రతుకును, ఒరులును ఆమె నడుగకయే చూచిరి!

నేడు ప్రతి చేతిలోను ఫోనున్నది. పరిహసించుటకు జూచు చూపు దొంగతనమే. పరుల సుఖదుఃఖముల నెరుగ జూచు చూపు సానుభూతి యని మా తలంపు. ఐనను చిత్రమును పదుగురికి జూపుటకు ముందు, అందు మన తల్లియో బిడ్డయో యున్నచో నోర్తుమా యని యొక్క క్షణము తలపోయుట మనకు ధర్మము.