డాక్సీసైక్లిన్ : వినియోగం, మోతాదు, ప్రమాదాలు – ఒక పరిశీలన

టెట్రాసైక్లిన్ వర్గపు తొలి ఔషధం ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ క్షేత్రపు మట్టిలో దొరికిన బంగారు వన్నె సూక్ష్మజీవి నుండి వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ దానిని వేరుచేశాడు. లెడర్లే ప్రయోగశాలల్లో ఆ పరిశోధనకు సారథ్యం వహించినవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అదే ఏడాది ఆగస్టులో మరణించాడు. తెలుగు వ్యాసాల్లో ఆవిష్కర్తగా సుబ్బారావు పేరొక్కటే చెప్పడం పరిపాటి. సారథ్యం ఆయనది, వేరుచేసిన చేయి డగ్గర్‌ది అనడమే చరిత్రకు న్యాయం. ఈ వర్గంలో నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నది 1967లో విపణిలోకి వచ్చిన డాక్సీసైక్లిన్.

బాక్టీరియా కణంలో ప్రొటీన్లను నిర్మించే రైబోజోమ్‌లోని చిన్న భాగానికి ఈ ఔషధం అతుక్కుని, అమైనో ఆమ్లాల రాకను అడ్డుకుంటుంది. అందువల్ల సూక్ష్మజీవి పెరుగుదల ఆగుతుంది. మిగిలిన పని రోగి రోగనిరోధక శక్తిది. గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలతో పాటు మానవ కణాల లోపల దాగి జీవించే రికెట్సియా, క్లమీడియా వంటి వాటిపై కూడా పనిచేయడం దీని ప్రత్యేకత.

ఈ ప్రత్యేకత ప్రాణాలకు సంబంధించినదని చెప్పడానికి స్క్రబ్ టైఫస్ చక్కని ఉదాహరణ. పొదలు, గడ్డి ఉన్నచోట నల్లి జాతి పురుగు లార్వా కుట్టడం వల్ల ఇది సోకుతుంది. కుట్టినచోట కాల్చినట్లుండే నల్లటి పక్కు కొందరిలోనే కనిపిస్తుంది. అది చంకలోనో గజ్జల్లోనో ఉంటే పరీక్షించే వైద్యుని కంటికి కూడా ఆనకపోవచ్చు. జ్వరానికి కారణం తేలక సెఫ్‌ట్రయాక్సోన్ వంటి ఖరీదైన ఇంజెక్షన్లు ఎన్ని ఇచ్చినా ఫలితముండదు, ఎందుకంటే అవి ఈ క్రిమిపై పనిచేయవు. చవకైన డాక్సీసైక్లిన్‌తో చాలామందికి 48 గంటల్లో జ్వరం తగ్గుముఖం పడుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. తీవ్ర దశలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్‌లను కలిపి సిరల ద్వారా ఇవ్వడం ఏదో ఒకటే ఇవ్వడం కంటే మేలని భారతదేశంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం నిరూపించింది.

పెద్దలకు సాధారణంగా తొలిరోజు 200 మిల్లీగ్రాములు, తరువాత రోజుకు 100 మిల్లీగ్రాములు ఇస్తారు. స్క్రబ్ టైఫస్‌కు 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, సుమారు వారం రోజులు. కలరాకు 300 మిల్లీగ్రాములు ఒకేసారి. వ్యాధిని బట్టి మోతాదు, కాలం నిర్ణయించవలసింది వైద్యుడే. ఔషధంలో ఎక్కువ భాగం పేగుల ద్వారా విసర్జితమవుతుంది కనుక మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి సాధారణంగా మోతాదు తగ్గించనక్కరలేదు. ఐరన్ మాత్రలు, యాంటాసిడ్లు, కాల్షియం దీనితో బంధం ఏర్పరచుకుని రక్తంలోకి చేరనివ్వవు. రెండింటి మధ్య కొన్ని గంటల వ్యవధి ఉండాలి. మాత్రను నిండు గ్లాసు నీటితో మింగి అరగంటసేపు పడుకోకుండా ఉండాలి. చాలని నీటితో మింగి వెంటనే నిద్రపోతే అన్నవాహికలో పుండు పడే ప్రమాదముంది. ఎండకు చర్మం కమిలిపోవడం మరో దుష్ఫలితం. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం కపాలంలో ఒత్తిడి పెరిగిందనడానికి సూచనలు కనుక వెంటనే మందు ఆపి వైద్యుని సంప్రదించాలి.

పిల్లల దంతాల విషయంలో పాత భయం ఇంకా బలంగానే ఉంది. తొలితరం టెట్రాసైక్లిన్లు ఎదిగే దంతాలలోని కాల్షియంతో కలిసి శాశ్వతమైన గోధుమ రంగు మచ్చలు మిగిల్చిన మాట వాస్తవం. గర్భిణులకు, 8 ఏళ్లలోపు వారికి ఇవ్వరాదన్న నియమం అలా ఏర్పడింది. కానీ డాక్సీసైక్లిన్ కాల్షియంతో తక్కువగా బంధమేర్పరుస్తుంది. 21 రోజులలోపు చికిత్సకు వయోపరిమితి అవసరం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ నేడు అంగీకరిస్తున్నది. ప్రాణాపాయకరమైన రికెట్సియా జ్వరంలో దంతాల రంగుకు భయపడి మందు ఆపడం సమర్థనీయం కాదు.

ఔషధ నిరోధకత ఇంతకంటే పెద్ద సమస్య. మందును కణం నుండి బయటకు తోసివేసే జన్యువులు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి సులువుగా చేరుతాయి. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థం కోళ్ల పెరుగుదలను వేగిరపరుస్తుందని లెడర్లే శాస్త్రవేత్తలే గుర్తించడంతో ఈ మందులు పశువుల మేతలోకి ప్రవేశించాయి. 1976లో స్టువర్ట్ లెవీ బృందం ప్రచురించిన అధ్యయనంలో టెట్రాసైక్లిన్ వర్గపు మందు కలిపిన మేత తిన్న కోళ్ల పేగుల్లో వారంలోనే నిరోధక బాక్టీరియా అధికమైంది. కొన్ని నెలలకు, ఆ మందు వాడని ఆ క్షేత్రవాసుల పేగుల్లోనూ అది కనిపించింది.