గాజుగదిలో ఎండను దాచడం ఎలా?



మన ఊళ్లలో ఎండాకాలం వస్తే కిటికీలు మూసి, ఎండను బయటే ఉంచాలని చూస్తాం. ఆ ఎండనే ఇంట్లోకి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టుకునే వాళ్లున్నారంటే నమ్ముతారా? వారే లడాఖ్ ప్రజలు.

లడాఖ్‌లోని లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రుల్లో అక్కడి ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. అడవులు లేవు గనక కట్టెలు అరుదు. ఎండిన పేడ పొయ్యిలో వేస్తే వెచ్చదనంతోపాటు పొగా వస్తుంది. పసివాళ్లు ఆ పొగే పీల్చాలి. అయితే ఆకాశం చాలా రోజులు నిర్మలంగా ఉంటుంది. అందుకని ఇంటికి దక్షిణంవైపు గాజుకిటికీల గది కట్టుకుంటారు. చలికాలంలో సూర్యుడు దక్షిణాన వాలి నడుస్తాడు గదా, ఎండ గది లోపలిదాకా పడుతుంది. ఈ గదిని వారు ‘షెల్‌ఖాంగ్’ అంటారు. అంటే గాజుగది.

పగలంతా హాయి. మరి పొద్దుగుంకాక? చిక్కంతా అక్కడే ఉంది.

నేను బడిలో ఈ పాఠం చెబుతూంటే ఒక కుర్రవాడు లేచి, “మేష్టారూ! గాజు వేడిని బయటికి పోనివ్వదన్నారు గదా, మరి గది ఎందుకు చల్లబడుతుందండీ?” అని అడిగాడు. మంచి ప్రశ్న! గోడలూ, నేలా వెలువరించే వేడికిరణాలు గాజుగుండా నేరుగా పోలేవు, నిజమే. కాని గాజు వాటిని పీల్చుకుని తానే వేడెక్కుతుంది. ఆ వేడి పలుచని అద్దాన్ని దాటి బయటి చలిలో కలిసిపోతుంది. పగలు ధనం తెచ్చిన కిటికీయే రాత్రి దొంగకు తలుపు తీస్తుందన్నమాట!

ఈ దొంగను పట్టడానికి మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది, కిటికీ చట్రం చుట్టూ ఉన్న సందులు మూయడం. వెచ్చని గాలి ముందుగా అటే పారిపోతుంది.

రెండవది, ఒక అద్దానికి బదులు రెండు అద్దాలు బిగించడం. గొప్పతనం రెండో అద్దానిది కాదు, మధ్య చిక్కుకున్న గాలిది! కదలని గాలికంటె గాజు సుమారు 40 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. అద్దాల మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడం ఉంటే, పోయే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది. ఎడం మరీ ఎక్కువైతే లోపలి గాలి తిరగడం మొదలుపెట్టి, వేడిని మోస్తుంది.

మూడవది, పొద్దుగుంకగానే దళసరి తెర దించడం. తెర నేలను తాకాలి, పైనా పక్కలా సందు ఉండకూడదు. లేకపోతే అద్దం దగ్గర చల్లబడి బరువెక్కిన గాలి కిందనుంచి గదిలోకి జారుతుంది; పైనుంచి వెచ్చని గాలి దాని చోటికి పోతుంది. తెల్లవారగానే తెర తీయడం మాత్రం మరవకూడదు!

లేహ్ దగ్గర ఫే గ్రామం వద్ద సెక్మాల్ అనే విద్యాసంస్థ ఉంది. 1988లో ప్రారంభమైన ఈ సంస్థవారు మందపాటి మట్టిగోడలలో పగటి ఎండను దాచుకుని, చలికాలంలోనూ చదువు సాగిస్తున్నారు.

మీరూ ఒక పరీక్ష చేయండి. పెద్దవాళ్లచేత రెండు చిన్న గ్లాసుల్లో వేడినీళ్లు సమంగా పోయించండి. రెంటినీ మడతపెట్టిన గుడ్డలమీద ఉంచి మూతలు పెట్టండి. ఒకదానిమీద మాత్రం పెద్ద గాజుగ్లాసు బోర్లించండి. పావుగంటయ్యాక మూతలు తీసి చూడండి. ఏ నీళ్లు వెచ్చగా ఉన్నాయి? ఎందుకో ఇప్పుడు మీరే మీ తమ్ముడికి చెప్పగలరు!