మీకు తెలుసా? క్రీస్తు పాదాలు నకలులోనే!

లియొనార్డో డావిన్చీ వేసిన ‘ది లాస్ట్ సప్పర్’లో క్రీస్తు పాదాలు ఇప్పుడు లేవు, చూడాలంటే శిష్యుడు వేసిన నకలు లాంటివే దిక్కు! 1652లో మిలాన్ మఠంలో ఆ బొమ్మ ఉన్న భోజనశాల గోడకు ద్వారం పెడుతూ, పాదాలున్న చోటే తొలిచేశారు. భోజనానికి వెళ్లే తొందర కాబోలు!

జాంపియెట్రీనో వేసిందని చెప్పే ఈ నకలు 1520 ప్రాంతానిది, కాన్వాసు మీద తైలవర్ణం. వెడల్పు దాదాపు 8 మీటర్లు. బల్ల కింద క్రీస్తు పాదాలు, క్రీస్తు శిష్యుడు యూదా చెయ్యి తగిలి ఒరిగిన ఉప్పు గిన్నె ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. విద్యార్థులు చూసి నేర్చుకోవడానికని లండన్ రాయల్ అకాడమీ 1821లో దీన్ని కొన్నది. 1978-99 మధ్య అసలు చిత్రాన్ని బాగుచేసినవాళ్లూ దీన్నే ముందు పెట్టుకుని చూసుకున్నారు.