ఫొటో వెనక పేర్లు రాసి పెడదాం

ప్రతి ఏడాదీ ఈ సంచికలో పిల్లల చదువుల గురించో, ఉపకార వేతనాల గురించో నాలుగు మాటలు రాస్తూ వచ్చాం. ఈసారి ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాం. "జకాత్ పైసలకీ బంతాటకీ ఏం సంబంధం సార్?" అని పెద్దలు కొందరు అడగవచ్చు. జకాత్ సొమ్ముకు సంబంధం లేదు, అది హక్కుదారులకే చెందాలి. కానీ మన పెద్దల జ్ఞాపకానికీ మన సొసైటీకీ సంబంధం ఉంది. ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాం.

చాలా ఏళ్ల కిందట, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు, తనిఖీకి ముందు ఆటసామాన్ల గది శుభ్రం చేయించాం. బీరువాలో చెదలు పట్టిన రిజిస్టర్లు, అద్దం పగిలిన రెండు గ్రూపు ఫొటోలు ఉన్నాయి. ఫొటోల్లో ఉన్నదెవరో మాకు తెలియదు. వెనక పేర్లు లేవు. అన్నీ కలిపి పాత కాగితాల అతనికి తూకానికి వేసేశాం.

ఆ మరుసటి వేసవిలో ఒక పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని బడికి వచ్చారు. "మా టీమ్ ఫొటో ఇక్కడ గోడకి ఉండేది సార్. మా భాయ్‌జాన్ అందులో ఉన్నాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. వీడికి చూపిద్దామని తీసుకొచ్చా" అన్నారు. ఏం చెప్పాలో తోచక, "అద్దం వేయించడానికి పంపించాం" అని అబద్ధం చెప్పాం. ఆయన ఇంకో రెండుసార్లు వచ్చి అడిగారు. ఆ తర్వాత రాలేదు.

ఒక జట్టు చరిత్ర ఎలా పోతుందో మాకు ఆ రోజు తెలిసింది. శత్రువులెవరూ వచ్చి చెరపనక్కర్లేదు. పేరు రాయకపోతే చాలు, మనలాంటి మంచివాళ్ల చేతుల్లోనే పోతుంది.

మొదటి రోజులే ముందు ఎందుకు పోతాయి?

గెలిచిన కప్పు ఎక్కడో ఒకచోట ఉంటుంది. పత్రికలో వార్త ఉంటుంది. కానీ కప్పు రావడానికి ముందు, నలుగురు కుర్రాళ్లు తలా కాస్త డబ్బు వేసుకుని బంతి కొన్న రోజు ఎక్కడా నమోదు కాదు. ఆ రోజు తాము ఏదో స్థాపిస్తున్నామని వాళ్లకే తెలియదు.

కలకత్తా మొహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్ పేరు వినని పాత ఆటగాడు ఉండడు. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1938 దాకా వరుసగా ఐదేళ్లు వదల్లేదు. 1940లో ఢిల్లీలో ఇంగ్లీషు సైనిక జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఇదంతా చాలామందికి తెలుసు. కానీ ఆ క్లబ్ 1891లో ఆ పేరు పెట్టుకోకముందు, 1887లో నవాబ్ అమీనుల్ ఇస్లాం చొరవతో జూబిలీ క్లబ్‌గా మొదలైందనీ, క్రెసెంట్ అనీ హమీదియా అనీ పేర్లు మారిందనీ ఎంతమందికి తెలుసు? మొదలుపెట్టిన నాటికీ లీగ్ గెలిచిన నాటికీ మధ్య 47 ఏళ్లు. అంటే ఒక తరం మొదలుపెడితే మనవళ్ల తరం గెలిచింది. మధ్యలో మైదానానికి సున్నం గీసినవాళ్లు, ఓడినా మళ్లీ వచ్చినవాళ్లు ఎవరో తెలుసుకోవాలంటే పాత పేర్ల కింద వెతకాలి. కొత్త పేరుతో వెతికేవాడికి పాత పేరు కింద ఉన్నది దొరకదు.

హైదరాబాద్ చెప్పే పాఠం

ఇంకా దగ్గరిది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కథ. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. 1954లో, 1957లో మళ్లీ గెలిచింది. 1961లో డ్యూరాండ్ గెలిచినప్పుడు రికార్డుల్లో దాని పేరు ఆంధ్రా పోలీస్. రాష్ట్రం మారింది, పేరు మారింది. ఈ సంగతి తెలియనివాళ్లు రెండూ వేర్వేరు జట్లనుకుంటారు.

ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. మాలాంటి వాళ్లకు ఆయన మరింత దగ్గర, ఎందుకంటే ఆయన బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీస్‌కు శిక్షకుడు. దేశ జట్టును ఆయన నడిపిన కాలంలోనే 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం వచ్చాయి. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1 తేడాతో గెలిచే నాటికే ఆయనను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

పిల్లలకు ఆట నేర్పడంలో ఆయన పద్ధతి ఉపాధ్యాయుడి పద్ధతే. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించడం అలవాటు కావాలని డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. వాడని కాలికి పని చెప్పాలని ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. ఇవన్నీ మనకెలా తెలుసు? చాలా భాగం ఆయన దగ్గర నేర్చుకున్న ఆటగాళ్లు పెద్దవయసులో చెప్పగా తెలిసినవే. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, 2021లో పోయారు. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం 2023లో పోయారు. వాళ్లు బతికుండగా ఎవరో వెళ్లి కూర్చుని అడిగారు కాబట్టి ఆ మాటలు మిగిలాయి. రహీం సాబ్ మీద మైదాన్ సినిమా వచ్చింది 2024లో. ఆయన పోయిన 61 ఏళ్లకు. అప్పటికి ఆయన శిష్యుల్లో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారు?

ఇంకో సంగతి. రహీం సాబ్ రాకముందు అదే జట్టును తీర్చిదిద్దిన వాళ్లలో నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ అనే శిక్షకుడు ఒకరు. ఆయన పేరు నేడు హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. పెద్ద చెట్టు నీడలో ముందు నాటినవాళ్లు కనిపించరు. రహీం సాబ్ గొప్పతనం తగ్గించడానికి చెప్పడం లేదు. గెలిపించినవారిని గౌరవించేటప్పుడు మొదలుపెట్టినవారిని కూడా పక్కనే నిలబెట్టాలని చెబుతున్నాం. ముస్లిం, హిందూ, క్రైస్తవ ఆటగాళ్లు భుజం భుజం కలిపి ఆడిన జట్లవి. మన తీరంలోని జట్లూ అలాంటివే. కాబట్టి మనం రాసే జాబితాలో మన పేర్లే ఉండకూడదు.

ఎలా సేకరించాలి?

ఈ పనికి కావలసిన పద్ధతి మన ఇంట్లోనే ఉంది. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు ఇస్నాద్ చూసేవారు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నారు, ఇద్దరూ నిజంగా కలుసుకున్న కాలం ఉందా, చెప్పినవాడి జ్ఞాపకం ఎలాంటిది అని పరీక్షించేవారు. ఆ పనికున్న పవిత్రత వేరు, మన బంతాట ముచ్చట్ల స్థాయి వేరు. కానీ ఆ జాగ్రత్త మనం నేర్చుకోదగ్గది.

పెద్దాయన దగ్గర కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. మీరు కళ్లారా చూశారా, విన్నారా? వింటే ఎవరి నోట విన్నారు? అప్పటికి మీ వయసెంత? సంవత్సరం గుర్తులేదంటే ఒత్తిడి చేయకూడదు. పెద్దలు అంకెలు మరచిపోతారు గానీ సంఘటనలు మరచిపోరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953కి ముందా, తర్వాతా? చైనా యుద్ధం జరిగిన 1962 నాటికి ఆడుతున్నారా? శ్రీహరికోటలో మొదటి ఎస్సెల్వీ ఎగిరిన 1979 నాటికి మానేశారా? 1984 నవంబర్ తుపాను నాటికి మైదానం ఎక్కడుండేది? ఇలా అడిగితే సంవత్సరం తనంతట తనే బయటపడుతుంది. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే ఇద్దరి మాటా, ఇద్దరి పేర్లతో రాయాలి. మనకు నచ్చిందే ఉంచి రెండోది కొట్టేయకూడదు.

నోటిమాటకు కాగితం తోడు కావాలి. 1953 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. కాబట్టి పాత ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసు దాకా వెళ్లవలసి రావచ్చు. అప్పటి ఆంధ్రపత్రిక, మన నెల్లూరు నుంచి దశాబ్దాలుగా వచ్చిన జమీన్ రైతు వారపత్రిక, బడుల అడ్మిషన్ రిజిస్టర్లు, సంఘాల జమాఖర్చు పుస్తకాలు, షీల్డుల మీద చెక్కిన పేర్లు, ఇవన్నీ సాక్ష్యాలే. ఆటగాడు చెప్పిన ఏడాది అడ్మిషన్ రిజిస్టర్‌తో సరిపోతే ఆ మాటకు బలం వస్తుంది.

ఇంట్లో ఉన్న ఫొటోలను ఎలా కాపాడాలి?

మన సముద్రగాలి ఉప్పు ఇనుమునే తినేస్తుంది. ఆ చెమ్మలో కాగితం ఎంతకాలం ఆగుతుంది? 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నీళ్లొచ్చిన ఇళ్లలో ముందుగా పాడయ్యేవి కింద పెట్టెల్లోని కాగితాలే. అందుకని కొన్ని జాగ్రత్తలు చెబుతాం.

పాత ఫొటోకు లామినేషన్ చేయించకండి. ఆ వేడికి బొమ్మ దెబ్బతింటుంది, మళ్లీ విడదీయలేం. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటించకండి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకకండి. అద్దంతో సహా స్కాన్ చేయిద్దాం. ఫొటో వెనక పెన్నుతో కాకుండా మెత్తని పెన్సిలుతో, గట్టిగా అదమకుండా పేర్లు రాయండి. ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు, కూర్చున్నవారు, కింద కూర్చున్నవారు అని వరుసగా రాయండి. తెలియనిచోట ఖాళీ వదిలేయండి, ఊహించి నింపకండి. పెట్టెను నేల మీద కాకుండా అటక మీద గానీ బీరువా పై అరలో గానీ పెట్టండి. ఫోనులో తీసిన ఫొటో ఒక్కటే చాలదు. ఫోను పోతే అదీ పోతుంది. కనీసం రెండుచోట్ల దాచాలి.

గౌరవం అంటే ఏమిటి?

సభ పెట్టి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపించడం మనకు అలవాటైంది. తప్పు కాదు. కానీ శాలువా అందుకున్న పెద్దాయనను మైకు ముందు పది నిమిషాలు మాట్లాడనిస్తున్నామా? ఆయన చెప్పింది ఎవరైనా రాసుకుంటున్నారా? స్థాపకులకు నిజమైన సత్కారం వాళ్ల మాట వినడం, పేరు తప్పు లేకుండా రాయడం.

పేర్లంటే విరాళమిచ్చిన షావుకార్ల పేర్లే కాదు. తోలు బంతి కుట్లు ఊడితే కుట్టిచ్చిన చెప్పుల కొట్టు అతను, పంట కోసిన పొలాన్ని ఆటకు వదిలిన రైతు, మగ్రిబ్ అజాన్ వేళకు ఆట ఆపించి కుర్రాళ్లను నమాజుకు తీసుకెళ్లిన ఉస్తాద్, ఆటకు వెళ్లిన కొడుకు కోసం ఆలస్యంగానైనా అన్నం దాచిపెట్టిన తల్లి, వీళ్లు లేకుండా ఏ జట్టూ నిలబడలేదు. వాళ్ల పేర్లూ అడిగి రాయాలి.

దాతలకు మా మనవి

సొసైటీ పెద్దల ముందు మూడు కోరికలు పెడుతున్నాం. ఒకటి, మీ ఇంటి పెట్టెలు తెరవండి. ఫొటోలు, సర్టిఫికెట్లు, పతకాలు మాకు ఇచ్చేయనక్కర్లేదు. మీ కళ్లముందే స్కాన్ చేసి మీ చేతికే తిరిగి ఇస్తాం. రెండు, ఒక మంచి స్కానరు, తుప్పు పట్టని ఒక బీరువా, పిల్లలు ఊరూరా తిరగడానికి బస్సు ఖర్చులు సాదర విరాళాల నుంచి సమకూర్చండి. మూడు, మీ ఇంట్లో ఎనభై దాటిన వారెవరైనా ఉంటే, ఈ ఏడాదే మా విద్యార్థులను పిలిపించండి. వచ్చే ఏడాది చూద్దాం అనవద్దు.

హైస్కూలు పిల్లలకు ఈ పని అప్పగిస్తే వాళ్లకు మేలు. పెద్దల దగ్గర మర్యాదగా కూర్చోవడం, విన్నది విన్నట్టు రాయడం, రెండు సాక్ష్యాలు పోల్చి చూడడం నేర్చుకుంటారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంతకంటే మంచి చరిత్ర పాఠం లేదు.

మొదట చెప్పిన ఆ పెద్దాయన సంగతితో ముగిస్తాం. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, మూడుసార్లు వచ్చిన మనిషిని ఒక్కసారి కూడా పేరు అడగలేదు. ఆయన భాయ్‌జాన్ పేరూ అడగలేదు. ఇది చదివేవారిలో ఆయన మనవడు ఉంటే దయచేసి సొసైటీ ఆఫీసుకు రావాలి. ఫొటో ఇవ్వలేం. ఇద్దరి పేర్లూ మా పుస్తకంలో మొదటి పేజీలో రాసుకుంటాం.

మన ముందు నడిచిన వారందరి మంచి పనులనూ అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.