కుష్ఠు నియంత్రణలో ఊరి ఆరోగ్య కేంద్రం

కుష్ఠువ్యాధి శాపం కాదని, వంశపారంపర్యంగా వచ్చేదీ కాదని, ఒక సూక్ష్మక్రిమి వల్ల కలిగేదని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. ఆ క్రిమి అతి నెమ్మదిగా పెరుగుతుంది కనుక లక్షణాలు బయటపడడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. తొలుత తేలే పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ సాధారణంగా దురద పెట్టదు, నొప్పి పుట్టదు. అందుకోసం ఒక పూట కూలి మానుకొని పెద్దాసుపత్రికి పోయేవారు అరుదు. రోగి వైద్యం దగ్గరికి రాని వ్యాధి కాబట్టే వైద్యం రోగి గడపదాకా పోవలసి వస్తుంది.

తడ మండలంలో పడవ మీదే చేరవలసిన ఇరకం దీవిని, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెలను తలచుకుంటే ఈ మాట బాగా అర్థమవుతుంది. ఉప్పునీటిలో ఉత్తకాళ్లతో దిగి వల లాగేవారికి ఈ వ్యాధి వల్ల నరాలు దెబ్బతిని అరికాలి స్పర్శ పోతే, ఆల్చిప్ప కోసినా తెలియదు. ఆ గాయం పుండై ఎముకదాకా పోతుంది. వేళ్లు పోవడానికి చాలావరకు కారణం ఇలా పట్టించుకోని గాయాలే.

చిత్తూరుకు పొరుగునున్న వేలూరులో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠుతో వంగిపోయిన వేళ్లకు శస్త్రచికిత్స పద్ధతులు రూపొందించాడు. దగ్గరలోని కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధన, చికిత్సల కేంద్రం వెలసింది. ఆ సేవ గొప్పదే గాని, నరం దెబ్బతిన్నాక చేసే శస్త్రచికిత్స కన్నా, మచ్చ దశలోనే మింగించే మాత్ర మేలు. 1983లో మొదలైన జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ద్వారా అందిన బహుళ ఔషధ చికిత్స, అంటే రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ వంటి మందులను కలిపి ఇవ్వడం, వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ముగుస్తుంది. నెలకొక మోతాదు సిబ్బంది ఎదుట, మిగతావి ఇంట్లో మింగాలి. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది. అది తాత్కాలికమేనని ఆశా కార్యకర్త ముందే చెప్పకపోతే, భయపడి మందు మానేసేవారు ఉంటారు.

ప్రత్యేక కుష్ఠు విభాగాల పనిని తర్వాత సాధారణ ఆరోగ్య సేవల్లో కలపడం మంచి నిర్ణయమే. జ్వరానికీ కాన్పుకూ తొక్కే గడపే కనుక, ఎందుకు వచ్చావని ఎవరూ అడగరు. 2005 చివరికి దేశంలో రోగుల సంఖ్య పదివేల జనాభాకు ఒకటి కన్నా తగ్గిందన్నది నిజమే. అది జాతీయ సగటు మాత్రమే, కొత్త కేసులు నేటికీ బయటపడుతూనే ఉన్నాయి. కళ్లు మూసుకున్నప్పుడు దూదిపోచ తాకినా తెలియని మచ్చ ఒంటిమీద ఉంటే, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. అక్కడ ఈ మందులు ఉచితం.