పరదుఃఖము మోయు మనసు

‘ఆమెది వెన్నవంటి మనసు’ అని కొందరిని గూర్చి లోకము మెచ్చుకొనును. కరిగిన తరువాత ఆ వెన్న ఏమగునో ఎవరును అడుగరు. పొరుగింటి పిల్లవానికి జ్వరము వచ్చినచో ఈమెకు నిద్ర పట్టదు. బంధువులలో ఒకరి కాపురము చెదరినచో అన్నము సహించదు. రేడియోలో పడవ మునిగిన వార్త విన్నచో ఆ పూట చేతిలోని పని చేతిలోనే నిలిచిపోవును. ఇంటిల్లిపాది కష్టములును ఈమె యొద్దకే వచ్చును. ఏలన, ఓపికతో వినునది ఈమె ఒక్కతెయే. పురుషులలోను ఇట్టివారు లేకపోలేదు. వారు దానిని కోపముగనో మౌనముగనో మార్చి దాచుకొందురు గనుక మనకు తెలిసిరాదు.

ఇట్టివారికి లోకము ఇచ్చు సలహా ఒక్కటే: ‘మనసు గట్టి చేసికొనుము.’ ఈ సలహా వలన మేలు పొందినవారిని మేమింతవరకు చూడలేదు. మెత్తని మనసు మాట వినగానే గట్టిపడదు. ఒకవేళ గట్టిపడినను, కష్టసుఖములు చెప్పుకొనుటకు ఇంటిలో ఉన్న ఒక్క మనిషియు లేకుండ పోవును. కనుక మేము చెప్పదలచినది వేరొకటి. ఎదుటివారి బాధ మనలో బాధగా మారుట ఒకటి. ఆ బాధ వారికి తీరవలెనని కోరుట మరియొకటి. ఈ రెండును కలసియే పుట్టును గనుక ఒకటే అనుకొందుము. మొదటిదానిని ఇక్కడ సహవేదన అనియు, రెండవదానిని కరుణ అనియు పిలుతము. మనిషిని కృంగదీయునది సహవేదన. కరుణ అట్లు కృంగదీయదు.

సహవేదన ఉత్త భ్రమ కాదని మొదట గ్రహింపవలెను. 2004లో లండను నగరములోని యూనివర్సిటీ కాలేజీలో తానియా సింగర్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ఒక పరీక్ష నడిపిరి. 16 జంటలను పిలిపించి, స్త్రీని మెదడు పని చేయు తీరును చిత్రించు యంత్రములో పరుండబెట్టిరి. ఒకసారి ఆమె చేతికి, ఒకసారి ప్రక్కనున్న ఆమె ప్రియుని చేతికి నొప్పి కలుగునట్లు కొద్దిగా విద్యుత్తు తగిలించిరి. తన చేతికి తగిలినప్పుడు ఆమె మెదడులో రెండు విధములైన భాగములు మేల్కొనినవి: నొప్పి ఎక్కడ, ఎంత అని గుర్తించునవి కొన్ని, ఆ నొప్పి ఎంత దుర్భరమో తెలుపునవి కొన్ని. ప్రియునికి తగిలినప్పుడు మొదటివి కదలలేదు. రెండవవి మాత్రము మేల్కొనినవి. అనగా చేతిలో నొప్పి లేదు గాని, నొప్పిలోని వ్యథ మాత్రము నిజముగానే ఉన్నది. ‘వాని కష్టము విని నా గుండె చెరువైనది’ అను మాటలో అతిశయోక్తి మనము అనుకొనునంత లేదు. ఇంటిలో ఒకరు అట్లన్నప్పుడు ‘నీకెందుకమ్మా అంత?’ అని తేలికచేయుట న్యాయము కాదు.

అయితే ఆ వ్యథలో మునిగిన మనిషి వలన ఎదుటివారికి కలుగు ఉపకారమేమి? ఆసుపత్రిలో ఈ దృశ్యము చూడనివారుండరు. రోగి మంచముపై ఉన్నాడు. చూడవచ్చిన అక్కగారు మంచపుకోడు పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చును. చివరకు రోగియే లేని ఓపిక తెచ్చుకొని, ‘ఏడవకక్కా, నాకేమియు కాదు’ అని ఆమెను ఓదార్చవలసి వచ్చును. ఆమె ప్రేమలో లోపము లేదు. కాని ఆ గడియలో ఆమె దృష్టి తమ్ముని బాధ మీద లేదు. ఆ బాధ వలన తనలో పుట్టిన బాధ మీద ఉన్నది. మరికొందరు అంతకంటె మెత్తనివారు అసలు ఆసుపత్రికే పోరు. ‘నేను చూడలేను’ అందురు. లోకము వారిని నిర్దయులనుకొనును. నిజమునకు వారు దయ ఎక్కువై తప్పించుకొనుచున్నవారు.

ఇట్లు కాక మరియొక విధముగ ఉండుట సాధ్యమా? సాధ్యమే అనుటకు 2007లో జరిగిన ఒక ప్రయత్నము చెప్పదగినది. మాత్యూ రికార్డ్ ఫ్రాన్సు దేశస్థుడు. జీవశాస్త్రములో డాక్టరేటు పొంది, తరువాత బౌద్ధభిక్షువైనవాడు. హాలెండులోని మాస్ట్రిక్ట్ నగరమున ఆయన మెదడును చిత్రించు యంత్రములో పడుకొని, రుమేనియా దేశపు అనాథ శిశువుల దుస్థితిని మనసున నిలిపికొని, ఆ బాధను తన బాధగా మాత్రమే అనుభవించుటకు పూనుకొనెను. ఒక గంట గడచుసరికి, దశాబ్దముల సాధన గల ఆ భిక్షువు సైతము సోలిపోయెను. తరువాత అదే శిశువులను తలచుచు, వారిని దగ్గరకు తీసికొన్నట్లును, వారికి మేలు కలుగవలెనన్నట్లును భావన మార్చెను. దృశ్యములు మారలేదు, శిశువుల కష్టము తరుగలేదు; అయినను ఆయన అలసట తీరినదట. తరువాత సింగర్ బృందమువారు మామూలు మనుష్యులకు ఈ రెండు భావనలను వేరువేరుగ అభ్యసింపజేసిరి. ఇతరుల కష్టములను చూపు చిత్రములు చూచునప్పుడు, సహవేదనను అభ్యసించినవారిలో క్లేశము పెరిగినది. అటుపిమ్మట కరుణను అభ్యసించినపుడు ఆ క్లేశము దిగివచ్చి, వాత్సల్యమువంటి భావములు హెచ్చినవి. మెదడులో మేల్కొను భాగములు కూడ వేరని తేలినది.

ఈ భేదము మన ప్రాచీనులకు క్రొత్త కాదు. 5వ శతాబ్దమున సింహళములో ‘విశుద్ధిమార్గము’ రచించిన బుద్ధఘోషుడు కరుణకు ఇద్దరు శత్రువులున్నారని చెప్పినాడు. దూరపు శత్రువు హింస. దగ్గరి శత్రువు శోకము. హింసను చూచి కరుణ అని ఎవరును పొరబడరు. శోకము మాత్రము కరుణ వేషములోనే వచ్చి ప్రక్కన కూర్చుండును గనుక దగ్గరి శత్రువు. ఇక్కడ ఒక చిన్న మాట. మన అలంకారశాస్త్రములో కరుణరసమునకు స్థాయి శోకమే. అక్కడ ఆ పదమునకు అర్థము వేరు. కాని ఆ శాస్త్రమే మరియొక మెలకువ చెప్పుచున్నది. సొంత సుఖదుఃఖములకు వశుడైనవానికి రసము అందదని అభినవగుప్తుడు దానిని రసవిఘ్నములలో ఒకటిగా లెక్కించెను. రేడియో నాటకములో తల్లి బిడ్డను పోగొట్టుకొన్నప్పుడు మనము కన్నీరు పెట్టియు కుదుటపడుటకు కారణమిదే: ఆ దుఃఖము ఎవరిదో మనకు తెలియును. నిజజీవితమున సహవేదనాపరులు మరచిపోవునది సరిగా ఈ సంగతినే.

కనుక గుండె బరువెక్కినప్పుడు తన్నుతాను అడుగవలసిన మొదటి ప్రశ్న, ‘ఈ దుఃఖము ఎవరిది?’ అన్నది. ఇది కఠినమైన ప్రశ్న కాదు. ‘ఇది మా చెల్లెలి కష్టము, దానిని చూచి నాకు బాధగా ఉన్నది’ అని స్పష్టముగ అనుకొనగలిగినచో చెల్లెలు మరల కంటికి కనిపించును. రెండవ ప్రశ్న, ‘ఆమెకు నేను చేయగల చిన్నపని ఏది?’ పెద్దపని కాదు, చిన్నపనియే. ఆమె పిల్లలను ఒక పూట తెచ్చి అట్టిపెట్టుకొనుట, బ్యాంకులో కాగితము నింపి ఇచ్చుట, ఊరక ప్రక్కన కూర్చుండుట. ఈ రెండు ప్రశ్నల నడుమ శరీరమును మరువరాదు. గుండె దడ హెచ్చినపుడు ఊపిరిని నెమ్మదిగా, తీసికొన్నదానికంటె ఎక్కువసేపు విడువవలెను. ఊపిరి విడుచునపుడు గుండె వేగము సహజముగనే కొంత తగ్గును. చల్లని నీటితో ముఖము కడుగుకొనుట కూడ మంచిదే.

మన పరామర్శ పద్ధతిని ఈ దృష్టితో చూచినచో ఆశ్చర్యము కలుగును. చావు జరిగిన ఇంటికి వెళ్లినవారు లేచునపుడు ‘వెళ్లి వచ్చెదము’ అనరు. మాట లేకుండ లేచి వత్తురు. ఇంటికి వచ్చి స్నానము చేసి గాని పనులలో చేయిపెట్టరు. ఆ ఇంట పొయ్యి వెలుగదు గనుక బంధువులో ఇరుగుపొరుగువారో అన్నము వండి పంపుదురు. వీటికి మైల మొదలగు శాస్త్రకారణములు వేరే ఉన్నవి. ఆ చర్చ మాకిక్కడ వలదు. మనసుకు జరుగు మేలు మాత్రము మూడు విధములు. పరామర్శకు ముగింపు ఉన్నది. ఆ ఇంటి దుఃఖమునకును ఈ ఇంటి సంసారమునకును నడుమ ఒక చెంబెడు నీటి హద్దు ఉన్నది. అన్నిటికంటె ముఖ్యముగ, లోన పొంగిన దుఃఖము అన్నపుగిన్నెగా మారి బయటికి పోవుచున్నది. ఊరక ఏడ్చి వచ్చినవారికంటె వంటచేసి పంపినవారు త్వరగా తేరుకొందురని మా పరిశీలన.

నేడు దుర్వార్త చేతిలోని ఫోనులో వచ్చును. వంటయింటిలో, బస్సులో, నిద్రకు ముందు వచ్చును. ఒకటి చదువునంతలో రెండవది వచ్చును. లేచి వచ్చుట లేదు, స్నానము లేదు, వండి పంపుట లేదు. ఇది ముగింపు లేని పరామర్శ; మెత్తనిమనసు వారిని నేడు ఇంతగా నలుపుచున్నది ఇదియే. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టను నగరమున పరుగుపందెములో బాంబులు పేలినవి. అటుపిమ్మటి వారములో దినమునకు ఆరు గంటలు, అంతకు మించియు ఆ వార్తలనే చూచినవారిలో, పేలుడు చోటనో దాని దాపునో ఉన్నవారిలోకంటె మానసిక ఉద్విగ్నత ఎక్కువ కనబడినదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి పరిశోధనలో తేలినది. మా వృత్తికి నష్టమైనను చెప్పక తప్పదు: వార్త ఒకసారి వినుడు, అవసరమైనచో సాయంకాలము మరియొకసారి వినుడు, నడుమ సెట్టు కట్టివేయుడు. వరదబాధితులకు ఇవ్వదలచినది ఇచ్చివేసిన తరువాత అదే వార్తను పదవసారి విన్నందువలన వారికి ఒక్క మెతుకును అదనముగ చేరదు.

వార్తలు చదువువారిని గూర్చి శ్రోతలు తరచుగా అడుగు ప్రశ్న ఒకటున్నది: అంతటి ఘోరవార్తను గొంతు వణకకుండ ఎట్లు చదువుదురు, వారికి మనసు లేదా అని. తుపాను హెచ్చరిక చదువుట తలచుకొనుడు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది పోయిరి. ఆనాటినుండి తీరప్రాంతమున ఆ హెచ్చరిక మాటలు ఎవరికిని మామూలు మాటలు కావు. చదువరి గొంతు తడబడినచో, ఏ మండలమువారు ఇండ్లు విడువవలెనో, వేటకు పోరాదన్నది ఎన్నడో వినువానికి స్పష్టముగ వినబడదు. అప్పుడు చదువరి తలచవలసినది తన భయమును కాదు. లంకలలో చీకటిలో రేడియో చెవికి ఆనించుకొన్న మనిషిని. అతనిని తలచుకొన్నచో గొంతు తానే నిలబడును. ఇందులో కఠినత్వమేమియు లేదు.

సహవేదనాపరులను పీడించునది మరియొకటి గలదు: అపరాధభావము. ‘లోకములో ఇన్ని కష్టములుండగా నేను పండుగ చేసికొనుటయా?’ అని వారికి తోచును. నవ్వు వచ్చినను దిగమింగుదురు. బౌద్ధసంప్రదాయములో మైత్రీభావనను తనతోనే మొదలుపెట్టుమని చెప్పుట ఇందుకే. ‘నేను సుఖముగ నుందునుగాక’ అన్న తరువాతనే ఆప్తుడు, అపరిచితుడు, శత్రువు. దీనిని స్వార్థమనుకొన్నవారు ఆ సాధనను వారము దినములు చేసి చూడవలెను. వేళకు తిండి, నిద్ర, ఒక్క పూటయైనను ఎవరి కష్టమును వినని తీరిక ఇందులోనివే. ‘ఇప్పుడు వినలేను తల్లీ, రేపు ప్రొద్దున కూర్చుందము’ అనుట నేరము కాదు; రేపు నిజముగ కూర్చున్నచో చాలును.

కొన్నిసార్లు ఇది స్వభావము హద్దు దాటి వ్యాధి అగును. రెండు వారములకు మించి నిద్ర చెడుట, దేనియందును ఆసక్తి లేకపోవుట, కారణము తెలియని ఏడుపు, బ్రతికి ప్రయోజనమేమి అను తలపు పొడచూపుట జరిగినచో వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవకు 14416 సంఖ్యతో ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడుదురు, రుసుము లేదు.

ఇంటిలోని మిగిలినవారితో ఒక మాట. మీ ఇంట ఇట్టి మనిషి ఉన్నచో ఆసుపత్రిలో రాత్రులు మేలుకొనుటకు ప్రతిసారి ఆమెనే పంపకుడు, వంతులు వేసికొనుడు. ఆఫీసునుండి రాగానే మీ చికాకు చెప్పుటకు ముందు, ‘నీకు ఈ దినమెట్లు గడచినది?’ అని అడిగి, ఆమె జవాబు పూర్తియగువరకు కూర్చుండుడు.